తిరుపతిలో ఆకులూ రేకులూ

పుస్తకాలకు లోపలి పేజీలు పేర్చి, అట్ట వేసి అచ్చుకు పంపడం నా పని. ఈసారి తిరుపతి వెళ్లింది దర్శనం కోసం కాదు. కాగితం రాకముందు పుస్తకం ఎలా ఉండేదో చేత్తో పట్టుకుని చూడాలని వెళ్లాను. ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోవడంతో రైలు దిగి నేరుగా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థకు చేరుకున్నాను. 1939లో దేవస్థానం స్థాపించిన ఈ సంస్థ 1956లో విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది.

బల్ల మీద గుడ్డ పరిచి కట్ట విప్పారు. పైనొక చెక్క, కిందొక చెక్క, నడుమ తాటాకులు. ఆకుల రంధ్రాల్లోంచి దూరిన దారమే కట్ట చుట్టూ తిరిగి ముడిపడింది. నిమ్మగడ్డి నూనె వాసన గుప్పుమంది. పురుగు పట్టకుండా, ఆకు పెళుసెక్కకుండా అది రాస్తారు.

"ఒక కొస పట్టుకోని లాగద్దమ్మా. రెండు చేతులూ కిందికి పెట్టి ఎత్తాల" అన్నారు అక్కడి పెద్దాయన.

అలా ఎత్తితేనే తెలిసింది, ఈ పుస్తకం కొలతలు ఎవరూ కూర్చుని నిర్ణయించినవి కావని. తాటాకు ఎంత వెడల్పుంటే పుస్తకం ఎత్తు అంత. నారలు పొడవునా సాగుతాయి కాబట్టి వరుసలూ పొడవునే. గంటంతో గీసిన అక్షరం ముందు కంటికి ఆనదు. మసి, ఆకుపసరు కలిపి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి పైకి తేలుతుంది. నారల వెంట పొడుగ్గా గీత గీస్తే ఆకు చీలుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని చెబుతారు. ఆకును వెలుతురుకు పట్టి చూశాక నాకు నమ్మబుద్ధేసింది. పదాల మధ్య ఖాళీ లేదు గానీ, రంధ్రం చుట్టూ మాత్రం లేఖకుడు చక్కగా చోటు వదిలాడు. దారం ఒరుసుకుంటే అక్షరం పోతుందని అతనికి తెలుసు. నేను మార్జిన్ లెక్కలు నేర్చుకున్నది కంప్యూటర్ మీద. ఆ వదిలిన జాగా చూస్తుంటే కళ్లు చెమర్చాయి.

ఆకును పక్కకు తిప్పరు, పొడవు అంచు మీదుగా పైకి ఎత్తి బోర్లిస్తారు. దారం వదులు చేస్తేనే అది సాధ్యం, చదవడం అయ్యాక మళ్లీ బిగించాలి. లేఖకులు చివర రాసే శ్లోకం ఒకటి పెద్దాయన చదివి వినిపించారు: "తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్". నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి నన్ను కాపాడమని పుస్తకమే వేడుకుంటుంది. ఆ నూనె దీపం నూనె అని ఆయనే వివరించారు. మూర్ఖుడి చేతికి ఇవ్వొద్దన్న మాట దాని తర్వాతే వస్తుంది. కట్టుకు అంత ముందు చోటివ్వడం నాకెంతో నచ్చింది.

మర్నాడు కొండ మీద మ్యూజియంకి వెళ్లాను. అన్నమయ్య (1408–1503) సంకీర్తనలను రాగి రేకుల మీద చెక్కించి, ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచింది తాళ్లపాక వంశం. అన్నమయ్య కొడుకు పెదతిరుమలాచార్యులు ఈ పనికి ముఖ్యుడు. ఇలాంటి రేకులు రెండు వేలకు పైగా దొరికాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి వారు వాటిని పరిష్కరించి అచ్చుకు సిద్ధం చేశారు. అద్దం వెనక నుంచే చూడాలి, చెయ్యి వేయడానికి లేదు. అయినా కీర్తనకు ముందు రాగం పేరు, అడ్డంగా పొడవైన రేకు మీద కిక్కిరిసిన వరుసలు కనిపిస్తున్నాయి. పాడేవాడికి ముందు కావలసింది రాగమే, అందుకే అది ముందుంది.

కిందికి దిగే ముందు అచ్చు సంపుటం ఒకటి కొని, బస్సులో తెరిచాను. ప్రతి కీర్తనకూ రేకు అంకె, అందులో ఎన్నో పాటో వేసి ఉంది. రాగి నుంచి కాగితానికి మారినా, ఆ పాట ఏ రేకు మీద ఉండేదో ఆ చిరునామా చెరిగిపోలేదు. పరిష్కర్తలు పాటతో పాటు పాత పుస్తకం ఒడ్డూ పొడుగూ గుర్తుపెట్టుకున్నారన్నమాట.

సాయంత్రం విద్యార్థుల థీసిస్‌లు బైండ్ చేసే చిన్న కొట్టుకు వెళ్లి, పాటల పుస్తకాన్ని కుట్టి ఇవ్వగలరా అని అడిగాను.

"కుట్టేవాళ్లు తక్కువైపోయినారమ్మా. అందరికీ స్పైరలో, జిగురో కావాల" అంటూనే, పదహారు పేజీల ఫారం ఒకటి మడిచి, మడత మీద సూది దింపి చూపించాడు బైండరు.

జిగురు బైండింగులో ఆ మడతనే కోసేస్తారు. విడి కాగితాలు వెన్ను దగ్గర జిగురుతో నిలబడతాయి. బల్ల మీద పెడితే పుస్తకం మూసుకుపోతుంది, గట్టిగా తెరిస్తే పేజీలు ఊడొస్తాయి. రెండు చేతులతో తాళం వేస్తూ పాడే మనిషికి అది పనికిరాదు. కుట్టిన పుస్తకమైతే ఒళ్లో పరుచుకుంటుంది. కాగితం గ్రెయిన్, అంటే దాని నారలు సాగే దిశ కూడా వెన్ను వెంటే పోవాలి, లేకపోతే కుట్టినా పేజీ బిర్రుగానే ఉంటుంది.

నా చేతిలో ఇప్పుడొక పాటల పుస్తకం పని ఉంది. ప్రచురణకర్తకు తిరుపతి నుంచే ఫోన్ చేసి మూడు విషయాలు అడిగాను: కుట్టు బైండింగు, వెన్ను వెంట గ్రెయిన్, లోపలి మార్జిన్ ఇంకొంచెం ఎక్కువ. మార్జిన్‌కు వెంటనే ఒప్పుకున్నారు. కుట్టుకు ఖర్చెంతవుతుందో లెక్క పంపమన్నారు, బైండరుతో కూర్చుని ఆ లెక్క రాయిస్తున్నాను.