గాజు చెప్పు

మన బడి పూర్వవిద్యార్థుల కలయిక కమిటీ తరఫున, మనం పుల్లయిసు అని పిలిచేవాడు ఫోన్ చేసి, ఆదివారంలోగా రాసివ్వకపోతే ఇంటికొచ్చి కూర్చుంటానన్నాడు. బడి గురించి రాయమంటే నాకు ముందొచ్చేది ఆ నాటకమే. గంట తాత, డ్రిల్లు మాస్టారి సైకిలు, చెరువుగట్టు పంచాయితీ మిగతావాళ్ళు రాస్తారులెండి.

1986 ఆగస్టు గోదావరి వరద మీకెవరికీ గుర్తుచెయ్యక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. నీళ్ళు తీశాక లంకపిల్లలు వట్టి చేతులతో బడికొచ్చారు. వాళ్ళ పుస్తకాల కోసమే మన తెలుగు మాస్టారు సంక్రాంతికి రామాలయం దగ్గర నాటకం తలపెట్టారు. ఊరి కుర్రాళ్ళు పౌరాణికమే వెయ్యాలని పట్టుబట్టారు. మాస్టారు సిండ్రెల్లా అన్నారు. చివరికి తెరలు, హార్మోనియం వాళ్ళవి, వేషాలు మనవి.

గ్రిమ్ సోదరుల కథలో చెప్పు బంగారంది. గాజు చెప్పు, గుమ్మడికాయ బండి ఫ్రాన్సులో పెరో అనే రచయిత 1697లో అచ్చువేసిన కథలోవి. మాస్టారు పెరో పక్షం. "గుమ్మడికాయ లేకుండా సంక్రాంతేమిటర్రా!" సురభి వారి మాయాబజార్‌లో లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్ళడం చూసిన మనిషాయన. లైట్లు ఆర్పి వెలిగించేలోగా నల్ల తెర వెనకనుంచి వెదురుబద్దల బండిని తాళ్ళతో లాగించారు. జనం ఈలలు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

కానీ చెప్పు సంగతి వేరు. కంపౌండరు గారి దగ్గర పాత ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, బ్లీచింగు నీళ్ళలో నానబెట్టి నాచేత రుద్దించారు. ఎముకల బొమ్మ కరిగిపోయి లేతనీలం రేకు మిగిలింది. దాన్ని కత్తిరించి, గేలపు నైలాను దారంతో కుట్టాం. షావుకారు గారమ్మాయికే ఆ వేషం అని అందరూ అనుకుంటుంటే, మాస్టారు మన లంకమ్మాయిని పిలిచి పాత పేపరు మీద నిలబెట్టారు. తనే నేలమీద కూర్చుని పాదం చుట్టూ గీత గీశారు. "పెన్సిలు నిలువుగా పట్టాలిరా. వాలితే కొలత అబద్ధం చెబుతుంది." ఒక ఉపాధ్యాయుడు శిష్యురాలి కాళ్ళ దగ్గర కూర్చోవడం నేనదే చూడ్డం. పన్నెండు గంటలు కొట్టే సీన్‌లో గంట తాత బడి రైలుపట్టా ముక్కని తెచ్చి మోగించాడు. మెట్లమీద విడిచిన చెప్పు లైట్లో తళతళలాడుతుంటే ముందు వరస ఆడవాళ్ళు నిజంగా గాజే అనుకున్నారు.

లంకపిల్లలందరికీ పుస్తకాలొచ్చాయి. తర్వాత టెన్త్, కాలేజీ, ఉద్యోగాలు.

ఇప్పుడు నేను విశాఖలో కృత్రిమ కాళ్ళు తయారుచేసే పని చూస్తున్నాను. షుగరు వల్లో, యాక్సిడెంట్లోనో కాలు పోయినవాళ్ళు వస్తారు. మొండికాలికి ప్లాస్టరు అచ్చు తీస్తాం, రెండో పాదం కాగితం మీద గీస్తాం. కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజే పెన్సిలు పట్టడం నేర్పుతాను. మొన్న ఒక పెద్దాయన తన కాళ్ళమీద తను నడిచి గుమ్మం దాటితే, మాస్టారికి చూపించాలనిపించింది.

కలయిక రోజు సాయంత్రం ఉపన్యాసాలు తగ్గించి ఆ నాటకమే మళ్ళీ వేద్దాం. లంకమ్మాయి ఒప్పుకుంది. కమిటీవాళ్ళు తెరలు చూసుకోండి, చెప్పులు నేను కుట్టి తెస్తాను.