ముందు స్ప్రాకెట్ వదులైతే

ఆదివారం. ఎండ ముదరకముందు మొదలుపెట్టిన పని భోజనాల వేళకి తేలింది. మేనల్లుడి డర్ట్ బైకు: 110 సీసీ, పడుకున్న సిలిండరు, నాలుగు గేర్లు, 420 సైజు చైను. యాక్సిలరేటర్ ఇచ్చి వదిలినప్పుడల్లా ఎడమ పక్క నుంచి 'టక్' మంటోంది. ఇలాంటి చప్పుడు వినగానే చాలామంది చైను లూజనుకుని వెనక చక్రాన్ని లాగి బిగించేస్తారు. చప్పుడు కొన్నాళ్లు అణుగుతుంది, లోపలి అరుగుదల మాత్రం ఇంకా వేగంగా సాగుతుంది. అందుకే ముందు ఏది కదులుతోందో చూడాలి, పానా ఆ తర్వాత పట్టుకోవాలి.

ఇంజన్ చల్లారాక పెట్రోల్ కాక్ మూసి, న్యూట్రల్‌లో పెట్టి, ప్లగ్ క్యాప్ లాగేశాం. ఈ క్యాప్ విషయంలో రాజీ వద్దు, అది తీసి ఉంటే ఇంజన్ పొరపాటున కూడా స్టార్టవదు. చైనుకూ, దాన్ని తిప్పే పళ్ల చక్రం స్ప్రాకెట్‌కూ మధ్య వేలు పడితే తెగిపోతుంది. పిల్లల బండి కదా అని ఇంజన్ నడుస్తుండగా చైను తుడిచేవాళ్లను చూస్తే భయమేస్తుంది.

తర్వాత గేర్ లివర్. దాని 10 నంబర్ బోల్టును వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. బోల్టు మర షాఫ్టు మీది గాడిలోంచి పోతుంది, అది ఉండగా సుత్తితో కొడితే లివర్ రాదు, షాఫ్టు వంగుతుంది. తీసేముందు లివర్ ఏ కోణంలో ఉందో మార్కరుతో గీత పెట్టుకుంటే మళ్లీ బిగించేటప్పుడు తిప్పలుండవు. స్ప్రాకెట్ మీది చిన్న కవర్ విప్పితే లోపల గట్టిపడిన మట్టి, చైను ఆయిల్ కలిసిన ముద్ద. దాన్ని చెక్క పుల్లతో గోకాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే వెనకున్న ఆయిల్ సీల్ (ఆయిల్ బయటికి కారకుండా ఆపే రబ్బరు రింగు) పెదవి తెగుతుంది. ప్రెషర్ నీళ్లు కొట్టినా అంతే, బురద సీల్ లోపలికి దూరుతుంది. కవర్ లోపలి గోడ మీద తాజా గీతలు కనిపించాయి. బోల్టు తల బయటికొచ్చి రాసుకుంటోందన్నమాట.

ఈ ఇంజన్లలో స్ప్రాకెట్‌ను పట్టుకునే ఏర్పాటు అర్థమైతే మిగతా పనంతా తేలిక. గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్టు మీద పొడుగునా ఆరు స్ప్లైన్లు, అంటే పళ్లలాంటి గట్లు, ఉంటాయి. స్ప్రాకెట్ వాటి మీద కూర్చుంటుంది. వెనక చక్రాన్ని తిప్పే బలమంతా ఆ స్ప్లైన్ల మీదే పడుతుంది. షాఫ్టు చివర దగ్గర స్ప్లైన్లకు అడ్డంగా, చుట్టూతా ఒక సన్నటి గాడి కోసి ఉంటుంది. స్ప్రాకెట్ బయటికి జారకుండా ఆపే లాక్ ప్లేటుకూ లోపల అవే పళ్లు. దాన్ని స్ప్లైన్ల మీదుగా గాడి దాకా జరిపి అర పన్ను మేర తిప్పితే, తాళంలో చెవి తిరిగినట్టే, ఇక బయటికి రాదు. అప్పుడు ప్లేటు రంధ్రాలు స్ప్రాకెట్‌లోని మర రంధ్రాల మీదికి వస్తాయి. రెండు ఎం6 (6 మి.మీ. లావు) బోల్టులు వేస్తే ప్లేటు వెనక్కి తిరగదు. బోల్టుల పని అంతవరకే. బండిని లాగేది అవి కావు. ఒక బోల్టు పడిపోయి రెండోది వదులైతే ప్లేటు మళ్లీ అర పన్ను తిరిగి జారిపోతుంది, వెనకాలే స్ప్రాకెట్ వచ్చేస్తుంది. చైను స్ప్రాకెట్‌కూ ఇంజన్ కేసుకూ మధ్య ఇరుక్కుంటే వెనక చక్రం ఉన్నట్టుండి పట్టేస్తుంది, లేదా అల్యూమినియం కేసు పగులుతుంది. ఆ పగులుకయ్యే ఖర్చుతో పోలిస్తే స్ప్రాకెట్ ధర ఏపాటి!

ఈ పడుకున్న సిలిండరు అమరిక హోండా 1958లో తెచ్చిన సూపర్ కబ్ నుంచి వచ్చింది. చిన్న డర్ట్ బైకుల ఇంజన్లలో చాలా మటుకు ఆ వంశానివే. మన దేశంలో 1985లో వచ్చిన సీడీ100లోనూ, ఆ తర్వాతి స్ప్లెండర్‌లోనూ ప్లేటు, రెండు బోల్టుల పద్ధతే. కాబట్టి ఏ ఊరి మెకానిక్‌కైనా ఇది తెలిసిన పనే. చిక్కల్లా విడిభాగం దగ్గరే. స్ప్లెండర్ చైను 428, ఇది 420. రెండిట్లోనూ లింకు నుంచి లింకుకు దూరం 12.7 మి.మీ., అందుకే సరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ లోపలి వెడల్పు 420కి 6.35 మి.మీ., 428కి 7.94 మి.మీ. రోలర్ల లావూ వేరు. 428 స్ప్రాకెట్ పన్ను మందం 420 చైనులోకి దూరదు. 420 స్ప్రాకెట్ మీద 428 చైను వేస్తే ఎక్కుతుంది గానీ పక్కలకు ఊగుతూ పళ్లను తినేస్తుంది. పైగా ఈ బళ్లలో షాఫ్టు 17 మి.మీ.దీ ఉంది, 20 మి.మీ.దీ ఉంది. కొలవకుండా దుకాణానికి వెళ్లడం దండగ. లావు కొలిచే వెర్నియర్ లేకపోతే పాతది జేబులో వేసుకుని వెళ్లడం ఉత్తమం.

స్ప్రాకెట్ విప్పకముందే నాలుగు కదలికలు విడివిడిగా చూడాలి. చేత్తో బయటికీ లోపలికీ లాగితే కొద్దిగా ఆడటం మామూలే. ప్లేటుకు గాడిలో ఆ మాత్రం సందు ఉండాలి. ఆ సందు పోవాలని వెనక వాషర్లు దూర్చేవాళ్లున్నారు. అలా చేస్తే ప్లేటు గాడి అంచుకు నొక్కుకుని అరుగుతుంది, చైను లైను కూడా తప్పుతుంది. రెండోది, అంచు పట్టుకుని పైకీ కిందికీ వాలిస్తే పళ్లేంలా ఒరగడం. ఇది ప్లేటు, స్ప్రాకెట్ బొక్క అరిగినందుకు గుర్తు. మూడోది, గేర్‌లో పెట్టి షాఫ్టు కదలకుండా చేసి స్ప్రాకెట్‌ను ముందుకూ వెనక్కూ తిప్పితే వచ్చే ఆట. స్ప్లైన్లు అరిగితే ఇది వస్తుంది, ఇవాళ్టి 'టక్' ఇదే. నాలుగోది, స్ప్రాకెట్‌తో పాటు షాఫ్టే పైకీ కిందికీ కదిలితే బేరింగు పోయినట్టు. అప్పుడు బయటి పని ఏం చేసినా వృథా, ఇంజన్ విప్పాల్సిందే. ఇవాళ షాఫ్టు కదల్లేదు. బతికించింది.

బోల్టులను చైను తీయకముందే కదిలించాలి. ఒకరు వెనక బ్రేకు తొక్కి పట్టుకుంటే స్ప్రాకెట్ తిరగదు. ఒక బోల్టు వేళ్లతోనే వచ్చేసింది, రెండోది టీ పానాకు అర చుట్టులో. తర్వాత వెనక యాక్సిల్ నట్టు వదులు చేసి, చైను లింకు క్లిప్పు తీసి, స్ప్రాకెట్ లాగాం. గాడుల్లో ఎర్రటి పొడి. తుప్పులా కనిపిస్తుంది, నిజానికి ఉక్కు ఉక్కును రాసుకుంటూ రాల్చిన పొడి. అది కనిపించిందంటే ఆ జంట చాలాకాలంగా కదులుతోందని అర్థం. స్ప్రాకెట్ లోపలి పళ్ల మీద ఒక పక్క మెట్టులా అరిగింది. ప్లేటు పళ్లు పలచబడ్డాయి. ఒక మర రంధ్రంలో మర సగం పోయింది.

దీన్ని బట్టి చూస్తే బోల్టు వదులు కావడం రోగం కాదు, లక్షణం. స్ప్లైన్ల దగ్గర ఆట మొదలయ్యాక, యాక్సిలరేటర్ తెరిచి మూసిన ప్రతిసారీ స్ప్రాకెట్ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. సింగిల్ సిలిండరు వణుకు దానికి తోడు. ఆ కొట్టుకోవడం ప్లేటుకు, ప్లేటు నుంచి బోల్టు మరకు చేరి కొద్దికొద్దిగా వెనక్కి తిప్పుతుంది. అరిగిన భాగాలను అలాగే ఉంచి బోల్టులు మాత్రం బిగిస్తే మళ్లీ వదులవుతాయి. నాలుగైదు సవారీల కంటే ఆగవు.

కొత్త స్ప్రాకెట్‌ను షాఫ్టు మీదికి ఎక్కించి చేత్తో తిప్పి చూడటమే అసలు పరీక్ష. ఆట దాదాపు పోయింది. షాఫ్టు స్ప్లైన్లు బాగున్నాయి, అరిగినవి స్ప్రాకెట్, ప్లేటు. కొత్తది వేసినా ఆట అలాగే ఉంటే షాఫ్టు పోయినట్టు. ఆ షాఫ్టు మార్చాలంటే కేసు రెండుగా విడదీయాలి. ఇక్కడే కొన్ని షెడ్లలో స్ప్రాకెట్‌ను షాఫ్టుకే వెల్డింగు చేసేయమనే సలహా వస్తుంది. దయచేసి ఒప్పుకోవద్దు. ఆ వేడికి రబ్బరు సీల్ కాలిపోతుంది, షాఫ్టు గట్టిదనం మారిపోతుంది, వెల్డింగు కరెంటు బేరింగు గుండ్ల మీదుగా పారి వాటికి గుంటలు పెడుతుంది. రేపు పళ్లు అరిగితే స్ప్రాకెట్‌ను గ్రైండరుతో కోయడం తప్ప దారి ఉండదు.

బిగింపు. షాఫ్టు, గాడి, మర రంధ్రాలు పెట్రోల్‌తో కడిగి బాగా ఆరనిచ్చాం. స్ప్రాకెట్‌కు ఒక పక్క మెట్టు ఉంటే పాతది ఏ వైపు ఉందో అదే వైపు వేయాలి. తిరగేస్తే చైను లైను తప్పి, మళ్లీ ఇదే కథ. బోల్టులు కొత్తవే వాడాలి: ఎం6, మర దూరం 1.0 మి.మీ., తల మీద బలాన్ని తెలిపే 8.8 అంకె ఉన్నవి. పొడుగు పాతవాటితో పోల్చి చూడాలి. రెండు మి.మీ. ఎక్కువైనా స్ప్రాకెట్ వెనక నుంచి పొడుచుకొచ్చి కేసును గీకుతాయి, సీల్‌కీ తగులుతాయి. మర మీద నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు. ఎర్రది వద్దు, ఇంత చిన్న బోల్టుకు దాన్ని వాడితే విప్పేటప్పుడు వేడి చేయాలి, లేదంటే తల విరుగుతుంది. టార్క్, అంటే బిగించే బలం, 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు. పొడుగు పానా వేసి బలం చూపిస్తే ఎం6 మర నిమిషంలో పోతుంది. రేసులకు తిప్పేవాళ్లు బోల్టు తలలకు రంధ్రం చేసి స్టీలు తీగ పెనవేస్తారు, తీగ బోల్టును బిగిసే వైపే లాగేలా. మంచి అలవాటు.

ప్లేటు కాకుండా సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) ఉండే బళ్లలో క్లిప్పు ఎప్పుడూ కొత్తది వేయాలి, పదునైన అంచు బయటి వైపుకు. పెద్ద నట్టు ఉండే రకంలో మడత వాషర్ అంచును నట్టు ముఖం మీదికి మడవడం మరవకూడదు.

చైను లింకు క్లిప్పు మూసిన కొస చైను పోయే దిక్కుకు ఉండాలి. వెనక అడ్జస్టరు గీతలను నమ్మకుండా, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చట్రం) బోల్టు నుంచి యాక్సిల్ దాకా రెండు పక్కలా టేపుతో కొలిచాం. ఎడమ పక్క 3 మి.మీ. ఎక్కువ వచ్చింది. స్ప్రాకెట్‌ను ఇన్నాళ్లూ పక్కకు నెట్టింది ఈ వంకరే. చైను కింది వరుస మధ్యలో 25 మి.మీ. దగ్గర ఆట ఉంచాం. ఆ కొలత ఒక్కటే చాలదు. స్ప్రాకెట్ షాఫ్టు, స్వింగార్మ్ బోల్టు, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. సీటు మీద బరువు వేసి ఆ గీత దాకా దించి చూస్తే అప్పుడు కూడా కొంచెం వదులు మిగలాలి. మిగలకపోతే దూకిన ప్రతిసారీ చైను షాఫ్టును వెనక్కి లాగుతుంది, బేరింగు, సీల్ రెండూ దెబ్బతింటాయి.

థ్రెడ్‌లాకర్ పూర్తిగా పట్టడానికి 24 గంటలు. పిల్లాడు ఎంత బతిమాలినా సాయంత్రం బండి ఇవ్వలేదు. రేపు అరగంట నడిపాక కవర్ తీసి బోల్టుల టార్క్ ఇంకోసారి చూడాలి. సీల్ కింద ఒక పక్క తడి ఉంది. అది ఇంజన్ ఆయిలా, కారిన చైను స్ప్రేనా తేలాలని తుడిచి శుభ్రం చేశాం. రేపటికి మళ్లీ తడిస్తే సీల్ మీది నంబరు రాసుకుని సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ విడిభాగాల మార్కెట్‌కి వెళ్లాలి.