నికో వెళ్లాడు, నా కోపం ఇంకా వెళ్లలేదు

రాత్రి పదకొండు దాటాక చిన్నా ఒక పట్టిక పంపాడు. నిలువు గడుల్లో పేర్లు, అడ్డం గడుల్లో అర్హతలు, మధ్యలో మార్కులు. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, కుర్రవాళ్లను గుర్తించే కన్నుకు ఇన్ని, బేరమాడే నేర్పుకు ఇన్ని, జీతాల పరిమితి లెక్కలు వచ్చినందుకు ఇన్ని, విలేకరుల ముందు నోరు అదుపులో ఉంచుకున్నందుకు ఇన్ని. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని డాలస్ మావరిక్స్ యజమాని స్వయంగా డాలస్ పక్కన ఇర్వింగ్ ఊళ్లో వీడి అపార్ట్‌మెంటుకు వచ్చి, బాబూ, ఆటగాళ్లను తెచ్చే, పంపే పని చూసే జనరల్ మేనేజర్‌ను మాకొకణ్ణి చూసిపెట్టు అని బతిమాలినట్టుంది వ్యవహారం. కింద, ‘అత్తా, నువ్వు ఎవరి వైపు?’ అని ఒక ముక్క. అక్కడ వాడు ఆఫీసులో పని చేసుకుంటూ ఉండాల్సిన వేళ అది. (వదినా, నువ్వు ఇది చదివితే, నేనేమీ అనలేదు.)

ఎవరి వైపూ కాదు, పడుకుంటున్నాను అని రాసి ఫోను పక్కన పెట్టాను. నిద్ర రాలేదు.

డాలస్ జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను తీసేశారన్న వార్త నిన్న, 2025 నవంబరు 11న, మేము భోజనాలకు కూర్చున్నప్పుడు వచ్చింది. ఈయన పెరుగు కలుపుకుంటూ, "మీ అత్తా అల్లుళ్ల శత్రువు ఇంటికి వెళ్లాడట, పాయసం చేయలేదేం?" అన్నారు. నిజంగానే సంతోషం వేసింది. కానీ గిన్నెలు సర్దేసరికే ఆ సంతోషం అయిపోయింది. తొమ్మిది నెలలు శాపనార్థాలు పెట్టిన మనిషి ఉద్యోగం పోతే కనీసం రెండు రోజులైనా నిలవాలి కదా. ఎందుకు నిలవలేదో తేలడం లేదు. అందుకే ఈ వేళప్పుడు ఈ టైపింగు.

ఫిబ్రవరి 2, ఆదివారం. ఇక్కడ పదకొండు కావస్తుండగా చిన్నా ఫోను చేసి ఏడ్చాడు. వాడికి అక్కడ అర్ధరాత్రి. డాలస్ పెద్ద ఆటగాడు లూకా డోంచిచ్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టుకు ఇచ్చేశారన్నాడు. వార్త బయటపెట్టిన విలేకరి ఖాతాను ఎవరో దొంగిలించి రాశారనుకున్నారు చాలామంది, ఆటగాళ్లతో సహా. పాతికేళ్ల మనిషి, అంతకుముందు వేసవిలోనే జట్టును ఫైనల్స్ దాకా మోసుకెళ్లినవాడు. బదులుగా వచ్చింది ఆంథోనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 డ్రాఫ్ట్‌లో ఒక మొదటి రౌండ్ ఎంపిక. మంచి ధరేనా అంటే ఎవరికి తెలుసు? రెండో కొనుగోలుదారును అడిగితే కదా! లేకర్స్ జట్టును నడిపే రాబ్ పెలింకాతో కాఫీ దగ్గర మొదలుపెట్టి, వారాల తరబడి గుట్టుగా నడిపాడు హారిసన్. పెలింకా ఒకప్పుడు లేకర్స్ మేటి ఆటగాడు కోబీ బ్రయంట్‌కు ఏజెంటు. హారిసన్ నైకీలో ఉన్న కాలంలో కోబీకి దగ్గరి మనిషి. పాత పరిచయం. మేము మొన్న పాత ఫ్రిజ్ అమ్మడానికి కూడా నలుగురిని అడిగాము.

ఆ తర్వాత జరిగినవన్నీ మీకు ఇక్కడే ఎప్పటికప్పుడు చెప్పి విసిగించాను. డేవిస్ డాలస్ తరఫున ఆడిన మొదటి ఆటలోనే గాయపడ్డాడు. మార్చిలో డాలస్‌లో ఇంకో పెద్ద ఆటగాడు కైరీ ఇర్వింగ్ మోకాలు పోయింది. ఏప్రిల్‌లో లూకా లేకర్స్ చొక్కాలో డాలస్‌కు వచ్చి, వాళ్లు వేసిన వీడియో చూసి కళ్లు తుడుచుకుని, 45 పాయింట్లు కొట్టి వెళ్లాడు. మేలో, డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక ఎవరిదో తేల్చే లాటరీ 1.8 శాతం అవకాశంతోనే తగిలి, ఆ ఏటి కుర్రవాళ్లలో మేటి కూపర్ ఫ్లాగ్ దక్కాడు. అంత అదృష్టం కలిసొచ్చినా జనం హారిసన్‌ను క్షమించలేదు. ఈ సీజన్లో 3 గెలుపులు, 8 ఓటములు అయ్యేసరికి పంపేశారు. తాత్కాలికంగా హారిసన్ సహాయకులు మైకేల్ ఫిన్లీ, మాట్ రికార్డీ కలిసి నెట్టుకొస్తారట.

సోమవారం ఆటలో, యజమాని పాట్రిక్ డ్యూమాంట్ పక్కన లూకా పేరున్న లేకర్స్ చొక్కా వేసుకుని ఒక పద్దెనిమిదేళ్ల కుర్రవాడు కూర్చున్నాడట. పోయిన సీజన్లో ఆయనకు మధ్యవేలు చూపించినందుకు క్షమించమన్నాడట. ఆయనేమో ఆ ట్రేడ్, అంటే ఆటగాళ్ల మార్పిడి, గురించి తానూ బాధపడుతున్నానన్నాడట. మర్నాడు హారిసన్ ఉద్యోగం పోయింది. చిన్నా దృష్టిలో ఇప్పుడు ఆ కుర్రవాడు ప్రజానాయకుడు. నాకు మాత్రం ఆ ‘బాధ’ అన్న మాట దగ్గర ఏదో గొంతులో అడ్డుపడింది. దాని సంగతి తర్వాత.

మధ్యాహ్నం సిరిపురం వైపు పని ఉండి వెళ్లాను. శుక్ర, శనివారాల్లో పెట్టుబడుల సదస్సు కదా, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల మైదానమంతా గుడారాలు, దారి పొడవునా దీపాలు. ఆటో అబ్బాయి ఎక్కడెక్కడో తిప్పి ఎం.వి.పి. కాలనీలో దింపాడు. అక్కడ పార్కు పక్కన కోర్టులో ఆడపిల్లలు ఆడుతున్నారు. చూస్తూ నిలబడ్డాను. అందులో ఒక పిల్ల ఎడమ చేత్తో, బోర్డు వైపు చూడకుండా, ఎంత సునాయాసంగా దగ్గరికి వెళ్లి బుట్టలో లేఅప్ వేసిందంటే నా చేతిలోని కూరగాయల సంచి కింద పెట్టి చప్పట్లు కొట్టాను. పిల్లలు నవ్వారు. నవ్వనీ.

ఎడమ చేయి చూస్తే నాకు ఎవరు గుర్తొస్తారో పాత పాఠకులకు చెప్పనక్కరలేదు. కానీ ఆమె ఆట ఎలా ఆగిందో ఎప్పుడూ రాయలేదు.

కాలేజీ పేరు రాయను. ఎర్రమట్టి కోర్టు, సున్నం గీతలు, వానాకాలంలో బంతి ఎగరకుండా అక్కడే కూర్చుండిపోయేది. నేను కెప్టెన్‌ను. ఎడంచేతి పిల్ల మా పాయింట్ గార్డు. బంతి ఆమె చేతిలో ఉంటే మిగతా నలుగురం ఎక్కడికి పరిగెత్తాలో మాకన్నా ముందు ఆమెకే తెలిసేది. ఆఖరి సంవత్సరం అంతర కళాశాలల పోటీలకు జట్టు జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. టైపు చేసిన కాగితం, కింద ఫిజికల్ డైరెక్టర్ గారి సంతకం, ఆ పక్కన ప్రిన్సిపాల్ గారి సంతకం. పన్నెండు పేర్లు. ఆమె పేరు లేదు. ఆమెకు ఆ సంగతి చెప్పింది మేమెవరమూ కాదు, బోర్డుకు తాళం వేసిన అటెండరు. పొద్దున్నే ప్రాక్టీసుకు బూట్లు కట్టుకుంటూ ఉంటే, "అమ్మా, నీ పేరు లేదు కదా, ఎందుకు వచ్చావు?" అని అడిగాడు పాపం. అతను మంచివాడే. అడగడం అలా వచ్చింది.

నేను పి.డి. గారి గదికి వెళ్లి అడిగాను. బరువు పెరిగింది, వెనక్కి పరిగెత్తి కాపలా కాయడం లేదు, చెప్తే ఎదురు మాట్లాడుతోంది అన్నారు. అవన్నీ నిజాలే. లూకా గురించి డాలస్ వాళ్లు విలేకరుల చెవిలో వేసినవి కూడా దాదాపు అవే, అందుకే ఫిబ్రవరిలో నాకు అంత మండిపోయింది. నన్నైనా ఒక మాట అడగవలసింది కదా సార్ అంటే, "గెలిస్తే నీ పేరు, ఓడితే నా పేరు, అడగడం దేనికి?" అన్నారు. ఈ వాక్యం ఇన్నేళ్లుగా నా తలలో తిరుగుతోంది. వినగానే పెద్దమనిషి మాటలా ఉంటుంది. ఆలోచించేకొద్దీ, నాకు ఎవరితోనూ పని లేదు అని చెప్పడానికి మర్యాదైన పద్ధతి అనిపిస్తుంది. మరునాడు ఆమె కోర్టుకు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. టైపు పరీక్షలు రాసి, ఉద్యోగం తెచ్చుకుని, ఎక్కడో పిల్లా పాపలతో ఉంది. ఫోనులో అన్నీ మాట్లాడుతుంది, బంతి మాట తప్ప.

ఇక్కడ ఆపితే కథ నాకు అనుకూలంగా ఉంటుంది. కానీ ఆ ఏడు మేము గెలిచాము. ఆమె బదులు తీసుకున్న ఇంటర్ పిల్ల, పొట్టిది, జిగురులా పట్టుకుని అవతలి జట్టు పెద్ద ఆటగత్తెను ఫైనల్లో కదలనివ్వలేదు. షీల్డు పట్టుకుని ఫొటో దిగాము. పి.డి. గారు మధ్యలో కుర్చీలో. ఫలితాన్ని బట్టి చూస్తే ఆయన మాటే నెగ్గింది, నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ ఫొటో మా ఇంట్లో గోడ మీద ఎప్పుడూ లేదు.

చిన్నా పట్టికలో మొదటి పేరు మసాయ్ ఉజిరి. టొరంటో జట్టును నడిపి 2025 జూన్‌లో వదిలాడు, వాడికి అతనే కావాలి. నాకు చూడగానే పి.డి. గారు కనిపించారు. టొరంటోలో తొమ్మిదేళ్లు ఆడి, ఆ ఊరిని సొంతం చేసుకున్న డిమార్ డిరోజన్‌ను 2018 జూలైలో శాన్ ఆంటోనియోకు పంపి కవై లెనార్డ్‌ను తెచ్చింది ఉజిరే. తనను పంపరని నమ్మించారని డిరోజన్ వాపోయాడు, ఉజిరి తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. 2019లో టైటిల్ వచ్చింది. లెనార్డ్ ఆ వేసవిలోనే వెళ్లిపోయాడు, టైటిల్ ఉండిపోయింది. ఇప్పుడు ఉజిరి మేధావి. హారిసన్ చేసిందీ అదే జాతి పని, డేవిస్ కాలు నిలబడి ఉంటే, ఇర్వింగ్ మోకాలు నిలబడి ఉంటే ఈపాటికి డాలస్‌లో హారిసన్‌కు హారతులు పట్టేవారా? పట్టేవారేమో. నేనూ చిన్నాకు, చూశావా, ముందుచూపు అంటే అదీ అని రాసేదాన్నేమో. ఈ అనుమానం నాకు అస్సలు నచ్చలేదు.

నా మనసులో ఉన్నది ఫిన్లీ. ఆ ఊరివాడిలా అయిపోయినవాడు. పైగా అతని కథ చూడండి: 1996 డిసెంబరులో జేసన్ కిడ్‌ను ఫీనిక్స్‌కు పంపితే బదులుగా డాలస్‌కు వచ్చినవాళ్లలో ఫిన్లీ ఒకడు. ఆ కిడ్ 2021లో అక్కడికే కోచ్‌గా వచ్చాడు. 2005లో, జీతాలు హద్దు దాటితే కట్టాల్సిన లగ్జరీ పన్ను తప్పించుకోవడానికి డాలసే ఫిన్లీని వదిలేసింది. ఇచ్చేయడమంటే ఏమిటో, వదిలేయడమంటే ఏమిటో ఒంటిమీద తెలిసినవాడు ఆ కుర్చీలో కూర్చుంటే ఫోను ఎత్తే ముందు ఒకసారి ఆలోచిస్తాడు అనుకున్నాను. ఈ వాక్యం రాసి, టీ పెట్టుకుని వచ్చి మళ్లీ చదివితే తేలిపోయింది. ఫిబ్రవరిలో ఫిన్లీ ఆ యాజమాన్యంలోనే ఉన్నాడు. అతను ఉన్నా అది జరిగింది. ఇక ఆటగాడి మనసు, ఊరి మీద ప్రేమ అంటారా, శాక్రమెంటోను చూడాలి. ముంబయిలో పుట్టిన వివేక్ రణదివే ఆ జట్టు యజమాని. అక్కడ జనం నెత్తిన పెట్టుకున్న వ్లాడే డివాచ్‌ను తెచ్చి పగ్గాలిచ్చారు. 2018 డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక చేతిలో ఉండగా, తన ప్రాంతం వైపు నుంచే వచ్చిన లూకాను వదిలి డివాచ్ మార్విన్ బాగ్లీని తీసుకున్నాడు. ప్రేమకేమీ లోటు లేదు అక్కడ. లూకాను అట్లాంటాతో మాట్లాడి డాలస్‌కు తెచ్చింది డానీ నెల్సన్. 2021లో నెల్సన్‌ను సాగనంపి, జట్టు నడిపిన అనుభవం లేని నైకీ మనిషిని కూర్చోబెట్టారు. లూకాను తెచ్చినవాడు పోయి, లూకాను పంపేవాడు వచ్చాడు. దాన్ని అప్పుడు కొత్త ఆలోచన అన్నారు.

కాబట్టి ఫిన్లీ కూడా వద్దు. ఉజిరి మీద నా పాత కక్ష అలాగే ఉంది కానీ, ఒక్కటి ఒప్పుకోవాలి, అతను డిరోజన్‌కు ఎదురుగా ఏదో ఒకటి చెప్పాడు, తర్వాత తలవంచాడు. మా పి.డి. గారు అదీ చేయలేదు. నేను గనక ఆ ఇంటర్వ్యూ గదిలో ఉంటే గణాంకాలు అడగను. నువ్వు చేసిన అన్నిటికన్నా పెద్ద ట్రేడ్‌కు ముందు ఎవరెవరితో మాట్లాడావు, అందులో వద్దన్నది ఎవరు, వాళ్లు ఇంకా నీ దగ్గర పని చేస్తున్నారా అని అడుగుతాను. చిన్నాకు ఇదే రాశాను. వెంటనే జవాబు: ‘అత్తా, అది నికోను అడిగితే, యజమానికి చెప్పాను, ఆయన సరేనన్నారు అంటాడు.’

అదీ సంగతి. గొంతులో అడ్డుపడింది అదే. డ్యూమాంట్ సరే అనకపోతే ఆ ట్రేడ్ లేదు. ఆ కుర్రవాడి పక్కన కూర్చుని బాధపడినాయన, ఫిబ్రవరిలో తల ఊపినాయన ఒకరే. నోటీసు కాగితం మీద రెండో సంతకం ఆయనది. మా కాలేజీలో కూడా పి.డి. గారిని తిట్టుకున్నాము గానీ ప్రిన్సిపాల్ గారి పేరు ఎవరమైనా ఎత్తామా? ఆయన షీల్డు అందుకుని ఉపన్యాసం ఇచ్చారు. ఇప్పుడు డాలస్‌కు కొత్త మనిషిని ఎంచేది కూడా ఆ రెండో సంతకమే. మరి ఈయన్ను ఎవరు ఎంచారు అని రాస్తే, ‘ఎవరూ ఎంచలేదు, 2023 డిసెంబరులో వాళ్ల కుటుంబం మార్క్ క్యూబన్ దగ్గర కొనుక్కుంది’ అన్నాడు చిన్నా, పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టి. నాకు నవ్వు రాలేదు.

ఇంత గొడవా అయ్యాక చల్లగా ఇంకో ముక్క పంపాడు: వచ్చే నెల ఆటకు రెండు టికెట్లు కొన్నాడట. లూకా తిరిగి వచ్చేదాకా ఆ గడప తొక్కనని ఫిబ్రవరిలో ఒట్టు పెట్టినవాడు! ఎవరు కుర్చీ ఎక్కితే నాకేం అత్తా, ఫ్లాగ్‌ను చూడాలిగా అంటున్నాడు. చూడరా నాయనా, అమ్మేసే లోపల చూడు అన్నాను. టికెట్టుకు ఎంత పోశావని అడిగితే మాత్రం మాట మార్చేస్తున్నాడు. వదిన అడిగితే చెబుతాడేమో.