రెండు ఫ్లాస్కులతో ఒక రైలు ప్రయాణం

తెల్లవారుజామున అయిదు గంటలకు రైలు. మధ్యాహ్నం వరకు దారిలో నమ్మదగిన భోజనం దొరకదని తెలిసినందువల్ల, ముందు రాత్రే రెండు ఫుడ్ జార్లు కడిగి ఆరబెట్టాను. వాటిలో ఒకటి కొత్తది, మరొకటి ఏళ్ల తరబడి వాడుతున్నది. ఈ జార్లు వేడిని పుట్టించలేవు. మనం పెట్టిన వేడిని వీలైనంత నెమ్మదిగా పోనిస్తాయి, అంతే. అందుకని నాలుగింటికే లేచి రెండింటిలోనూ సలసల కాగే నీళ్లు పోసి, మూత బిగించి పది నిమిషాలు ఉంచాను. అలా చేయకపోతే చల్లని స్టీలు గోడలు మన భోజనంలోని వేడినే ముందుగా పీల్చుకుంటాయి. నీళ్లు పారబోసిన వెంటనే మరుగుతున్న సూపును కొత్తదానిలో మూతికి కాస్త దిగువ వరకు నింపాను. పాతదానిలో పెట్టిన అన్నం మాత్రం సగానికే వచ్చింది. ఖాళీగా మిగిలిన చోటంతా గాలే కాబట్టి అన్నం త్వరగా చల్లబడుతుందని తెలిసీ, తొందరలో సరిపెట్టుకున్నాను.

రైలెక్కి సంచి సర్దుతుండగా అరచేతికి ఏదో వెచ్చగా తగిలింది. కొత్త జారు వెలుపలి గోడ గది గోడలా చల్లగా ఉంది. పాతదాని అడుగు భాగమేమో జ్వరం వచ్చినవారి నుదురులా వెచ్చగా ఉంది. 1892లో శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవార్ రూపొందించిన ఫ్లాస్కుకైనా, నేటి స్టీలు జారుకైనా బలమంతా రెండు గోడల మధ్య గాలి లేని ఖాళీలోనే ఉంది. ఎప్పుడో కింద పడినప్పుడు ఆ ఖాళీలోకి గాలి చేరితే, పైకి సొట్ట కూడా కనిపించకుండానే జారు మామూలు గిన్నెతో సమానమవుతుంది.

ఎనిమిది గంటల వేళ అమ్మ, “ఒక్కసారి మూత తీసి చూడవే, అన్నం ఎలా ఉందో” అంది. వద్దనలేక తీశాను. గుప్పున ఆవిరి పైకి లేచింది. చూడటానికి ముచ్చటగానే ఉన్నా, పోయింది మాత్రం మా భోజనపు వేడే.

పదకొండున్నరకు వంటింటి థర్మామీటరు గుచ్చి చూశాను (ప్రయాణంలో కూడా దాన్ని వెంట తీసుకువెళ్లడం చూసి ఇంట్లోవాళ్లు నవ్వుతారు). సూపు 64 డిగ్రీలు, అన్నం 46.

“వెచ్చగానే ఉంది కదే, పారబోస్తావా?” అని అమ్మ అడిగింది.

ఆ వెచ్చదనమే నన్ను భయపెట్టింది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి సూక్ష్మజీవులు పెరగడానికి అనువైనది. అన్నంలో తరచుగా ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు; వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు, వాసనతోనూ బయటపడదు. అన్నం ఎప్పుడు 60 కన్నా దిగిందో నాకు తెలియదు. అలాంటి అన్నాన్ని అమ్మకు వడ్డించడానికి నాకు చేతులు రాలేదు. ఇద్దరమూ సూపు తాగి, వెంట తెచ్చుకున్న పండ్లతో సరిపెట్టుకున్నాం. అమ్మ కొంతసేపు నాతో మాట్లాడలేదు.

రాత్రి బసలో జార్లు కడిగేటప్పుడు పాతదాని మూతకున్న రబ్బరు రింగును గోటితో ఊడదీస్తే, దాని వెనక ఎప్పటిదో సన్నని జిడ్డు పేరుకుని ఉంది. రింగు తీయకుండా పైపైన కడుగుతున్న నా అలవాటే దానికి కారణం. ఆ తరువాత రెండింటిలోనూ మరిగే నీళ్లు పోసి అరగంట ఆగి, వెలుపలి గోడలను తడిమి చూశాను. పాతది మళ్లీ వెచ్చబడింది.

తిరుగు ప్రయాణంలో అన్నం మానేసి, కొత్త జారులో నిండుగా సూపు పోసుకున్నాం. పాతదానిలో వేయించిన గింజలు నింపి అమ్మకిచ్చాను. ఆమె దారి పొడుగునా దాని మూత ఎన్నిసార్లు తీసిందో లెక్కలేదు.