గీత పాలిష్‌లో ఉందా, చెక్కలో ఉందా?

వరంగల్, హనుమకొండ పాత ఇళ్లలో టేకు బీరువాలు, పందిరి మంచాలు ఇంకా వాడుకలోనే ఉన్నాయి. వాటిపై నాలుగు గీతలు పడగానే పాతదంతా గీకించి కొత్త పాలిష్ వేయించాలని చాలామంది తొందరపడతారు. నా దృష్టిలో అది ఎక్కువసార్లు అనవసరపు ఖర్చు. ముందు గీత ఎంత లోతుకు దిగిందో చూడాలి. గోటిని గీతకు అడ్డంగా లాగినప్పుడు అది ఎక్కడా తట్టుకోకపోతే, తడి వేలితో రాసినప్పుడు గీత కనుమరుగైతే, దెబ్బ తిన్నది పైపూత మాత్రమే, చెక్క కాదు.

ఆ పూత ఏదో తెలుసుకోవడానికి, కనబడని మూలలో స్పిరిట్ తడి చేసిన దూదిని కాసేపు ఆనించి చూడాలి. అక్కడ జిగురుగా మెత్తబడితే అది చపడా, అంటే లక్కతో చేసే పాలిష్. ఎండిపోయిన చపడా కూడా స్పిరిట్‌లో తిరిగి కరుగుతుంది కాబట్టి, పలుచగా కలిపిన కొత్త చపడాను గుడ్డ ఉండతో అద్దితే అది పాత పూతలో కలిసిపోయి అతుకు కనబడదు. వేడి గ్లాసు పెట్టిన చోట ఏర్పడే తెల్లని వలయం కూడా పూతలో చిక్కుకున్న తేమే. స్పిరిట్ బాగా పిండేసిన గుడ్డతో పైపైన తుడిస్తే అది చాలావరకు పోతుంది. మెలమైన్, పీయూ (పాలీయురెథేన్) అనే రసాయన పూతలకు ఈ సౌలభ్యం లేదు, అవి ఎండాక కరగవు.

చెక్క నొక్కుకుపోయి సొట్ట పడితే లప్పం పెట్టకూడదు. అక్కడి పాలిష్ తీసి, తడిగుడ్డ పరచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆవిరికి నలిగిన నారలు ఉబ్బి పైకి లేస్తాయి. నారలు తెగిన చోట ఇది పనిచేయదు; అక్కడ మాత్రమే టేకు పొట్టును చపడాలో కలిపి నింపాలి. బజారులో టేకు రంగు పేరుతో అమ్మే లప్పంపై నాకు నమ్మకం లేదు, ఎందుకంటే వెలుతురు తగిలిన టేకు ఏళ్ల తరబడి రంగు మారుతూనే ఉంటుంది. ఎండాక 220, ఆపైన 320 నంబరు గరుకు కాగితంతో చారల వెంటే రుద్దాలి. ప్లైవుడ్‌పై అతికిన టేకు పొర అయితే కాగితం జోలికే పోవద్దు, అది మిల్లీమీటరు కూడా ఉండదు.

వానాకాలంలో చపడా పూస్తే గాలిలోని తేమకు తెల్లగా మసకబారుతుంది. మన వైపు మే నెల ఎండలో స్పిరిట్ మరీ వేగంగా ఆరి గుడ్డ జాడలు మిగులుతాయి. దీపావళి దాటాక, పొద్దెక్కిన వేళ ఈ పని పెట్టుకోవడం మేలు.