పాలోలెంలో వినిపించిన గుమ్మెట

ఈత నాకు అనంతపురం దగ్గర మా ఊరి దిగుడు బావిలో, వీపుకు ఎండిన సొరబుర్ర కట్టుకొని అబ్బిన విద్య. ఆ బావి ఎండిపోయి ఇరవై ఏళ్ళు దాటింది గనుక, ఈత మరిచిపోయానేమోనన్న శంకతోనే గత డిసెంబరులో మా ఆవిడతో, మా అక్క కొడుకుతో కలిసి గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మడగావ్‌లో దిగి, బస్సు పట్టుకొని దక్షిణ గోవాలోని పాలోలెం చేరుకున్నాము.

పాలోలెం తీరం నెలవంకలా వంగి ఉంటుంది. ఉదయం ఆటు వేళ, ఉత్తరపు కొసన ఉన్న చిన్న దీవికి మోకాలి లోతు నీటిలో నడిచి వెళ్ళాము. అక్కడ కబుర్లలో పడి ఆలస్యం చేయడంతో, తిరిగి వచ్చేటప్పటికి పోటు మొదలై నీరు నడుము దాకా వచ్చింది. మా ఆవిడ చెప్పు ఒకటి సముద్రం పాలైంది.

ఎరుపు, పసుపు రంగుల జెండాలు పాతిన హద్దుల మధ్యనే ఈదాలని అక్కడి లైఫ్‌గార్డు చెప్పాడు. నీరు లోపలికి లాగుతున్నట్టు అనిపిస్తే ఒడ్డు వైపు పెనుగులాడకుండా, తీరం వెంబడి పక్కకు ఈది, ఆ లాగుడు తప్పాక ఒడ్డుకు తిరగాలట. బావిలో ఇటువంటి చిక్కు లేదు. నాలుగు బారలు వేస్తే ఏదో ఒక గట్టు చేతికి తగులుతుంది. పైగా బావిలో ఊపిరి మన ఇష్టం, సముద్రంలో అల ఇష్టం. ఆ సంగతి తెలిసేలోగా రెండు గుక్కల ఉప్పునీరు మింగాను. అయితే లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న ఆ నీరు మనిషిని తేలిగ్గా ఎత్తి పట్టుకుంటుంది. వెల్లకిలా పడుకుంటే చాలు, సొరబుర్ర అక్కరలేదు.

మధ్యాహ్నం చేపల పులుసు, అన్నం, కునుకు. మాకు దగ్గరి సముద్రం నెల్లూరు వైపుది కాబట్టి, పొద్దు నీళ్ళలోంచి పుట్టడమే చూశాను గానీ నీళ్ళలో కుంకడం చూడడం అదే మొదలు.

రాత్రి ఒడ్డునున్న తాటాకు పాకలో పాటకచేరి. మొదట పాడిన ఇంగ్లీషు పాటలు నాకు ఎక్కలేదు. తరువాత వయొలిన్ తోడుగా నెమ్మదిగా సాగే మాండో అనే కొంకణి పాట ఎత్తుకున్నారు. దానికి తాళం వేస్తున్న మట్టికుండను చూడగానే మా మేనల్లుడు, “మామా, ఇది మన బుర్రకథోళ్ళ గుమ్మెట కదా!” అన్నాడు. నాకూ అలాగే తోచింది. వాళ్ళు దానిని ఘుమట్ అంటారు. వెడల్పు మూతికి తోలు బిగిస్తారు; ఇరుకు మూతిని ఎడమ అరచేత్తో మూస్తూ తెరుస్తూ ఉంటే, లోపలి గాలి ఒకసారి మూలిగినట్టు, ఒకసారి ఉరిమినట్టు పలుకుతుంది. పూర్వం ఉడుము తోలు బిగించేవారు; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల ఉడుమును చంపడం నేరం కాబట్టి ఇప్పుడు మేక తోలు వాడుతున్నారు. 2019లో గోవా ప్రభుత్వం దీనిని తమ వారసత్వ వాద్యంగా ప్రకటించింది. మా గుమ్మెటకు మాత్రం ఏ ప్రభుత్వమూ పీట వేసినట్టు నేను వినలేదు.

పది కాగానే నిబంధన ప్రకారం స్పీకర్లు కట్టేశారు. వాద్యగాడు ఘుమట్‌ను మా వాడి ఒడిలో పెట్టాడు. వాడు వచ్చీరాని చేతితో తందాన తాన వరస కొడుతుంటే, ఇరుకు మూతి మూయడం తెరవడం మాత్రం ఆ పెద్దాయనే చూసుకున్నాడు.