మూడు సీసాలు, ఒక చిన్న మాత్ర

ఐదేళ్ల మా పాపకు టీబీ అని తేలేసరికి బరువు 14 కిలోలు. ఒంట్లో బలం లేకే జబ్బు పట్టుకుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. మొదటి వారంలోనే మల్టీవిటమిన్ సిరప్, విటమిన్ డి చుక్కలు, ఇంకో బలం టానిక్ తెచ్చి వరసగా పెట్టాను.

పొద్దున్నే పరగడుపున మూడు టీబీ మాత్రలు నీళ్లలో కరిగించి ఇచ్చేదాన్ని. గ్లాసు అడుగున మిగిలిన పొడిని కూడా ఇంకాస్త నీళ్లు పోసి తాగించేదాన్ని. మూత్రం నారింజ రంగులో వస్తే పాప హడలిపోయింది. టీబీ మాత్రలో ఉండే రిఫాంపిసిన్ అనే మందు వల్ల అలాగే వస్తుందని ముందే చెప్పారు కాబట్టి నేను కంగారుపడలేదు.

డాక్టరు గారు రాసిన విటమిన్ బీ6 మాత్రను మాత్రం పక్కన పెట్టేశాను. సిరప్‌లో అదీ ఉంది కదా, మళ్లీ ఎందుకు అనుకున్నాను. రెండో నెల చివర్లో ఒక రాత్రి పాప అరికాళ్లు రుద్దుకుంటూ, "అమ్మా, కాళ్లలో చీమలు పాకుతున్నాయి" అంది. దుప్పటి దులిపి చూశాను. ఒక్క చీమా లేదు.

మర్నాడే సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లాను. డాక్టరు గారు లేబుళ్లు చదివారు. "అమ్మా, టీబీ మాత్రలో ఉండే ఐసోనియాజిడ్ ఒంట్లో బీ6 ని పనిచేయనివ్వదు. అది తగ్గితే నరాలు దెబ్బతిని తిమ్మిర్లొస్తాయి. పిల్లల్లో అరుదే, కానీ బక్కపిల్లల్లో భయం ఎక్కువ. సిరప్‌లో ఉన్న కాస్త బీ6 చాలదు" అన్నారు. సిరప్‌లోనూ టానిక్‌లోనూ విటమిన్ ఏ ఉందట. అది ఒంట్లో పేరుకుంటే కాలేయానికి చేటు. టీబీ మందుల భారం ఎలాగూ కాలేయం మీదే పడుతుంది. లోపం ఉంటే తప్ప విటమిన్ డి ఇచ్చినంత మాత్రాన టీబీ త్వరగా నయం కాదని కూడా చెప్పారు. అలాగని బీ6 నీ ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు, ఎక్కువైతే అదీ నరాలకే హాని.

మూడు సీసాలూ ఆపించారు. రోజుకు 10 మిల్లీగ్రాముల బీ6, కడుపునిండా తిండి, అంతే. మూడు వారాల్లో తిమ్మిర్లు పోయాయి. ఆ చిన్న మాత్రను అన్ని రోజులు పక్కన పెట్టినందుకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నాలుగో నెల తూకంలో పాప 16 కిలోలు దాటింది. బరువును బట్టే మోతాదు కాబట్టి మర్నాటి నుంచి గ్లాసులో మూడు బదులు నాలుగు మాత్రలు కరిగించాను.